గాలి కన్నంలో ఉన్ని మేజోడు

తెల్లవారకముందే లేవడం పెళ్లయిన నాటి నుంచీ నాకు అలవాటు. లేవగానే కాళ్లకు ఉన్ని మేజోళ్లు, భుజాన శాలువా, చేతిలో సన్నగా చీల్చిన లెంగా చెట్టు పుల్లలు. వంటింట్లో ఇనుప పొయ్యి ముందు మోకాళ్ల మీద కూర్చుని, నివురు కింద దాచిన నిప్పును కదిపి, పుల్లలు పేర్చి ఊదేదాన్ని. మంట అందుకుని ఇనుము చిటపటలాడే దాకా అక్కడి నుంచి లేచేదాన్ని కాదు. ఆ తర్వాత కెటిల్ పెట్టేదాన్ని. నీళ్లు కాగే చప్పుడు వినగానే లోపలి గదిలో బాల్దో దగ్గేవాడు. ముందు దగ్గు, వెనక మాట.

"ఏమే ముసలీ, ఇల్లు తగలబెట్టావా, ఇంకా లేదా?"

"తగలబెట్టాను, లే."

మా ఇంట్లో రోజు అలా మొదలయ్యేది.

ఇప్పుడు పొయ్యి దానంతట అదే వెలుగుతుంది. గోడ వారన నల్లటి పెట్టెలా ఉంటుంది. చీకటి ఉండగానే ఒక కూత కూస్తుంది. లోపల రంపపు పొట్టు గుళికలు గలగలమని జారతాయి. కాసేపటికి అద్దం వెనక మంట కనిపిస్తుంది. నేను చేయాల్సింది ఏమీ లేదు. అయినా మెలకువ వస్తుంది. మంచం అంచున కూర్చుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, ఆ కూత కోసం చూస్తాను. అది కూస్తుంది. ఇంకేమీ వినిపించదు.

మా ఆయన పూర్తి పేరు బాల్దోవినో ఒయార్సో. కొయైకె ఊళ్లో పాత ఇళ్లకు బయటి గోడల మీద చెక్క పెంకులు ఉంటాయి చూడండి, చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి, వాటిలో చాలావరకు ఆయన చేతి మీదుగా వెళ్లినవే. లెంగా దుంగను నిలబెట్టి, చీలిక కత్తి పెట్టి, సుత్తితో ఒక్కటి వేస్తే పలక విడిపోయేది. రంపంతో కోసిన పెంకు నీళ్లు తాగుతుందని, చీల్చిన పెంకు నీళ్లు జార్చేస్తుందని చెప్పేవాడు. మొదటిసారి కలిసిన నాడు నాతో మాట్లాడింది కూడా అదే. ఇంకేమీ మాట్లాడలేదు. నాకు అదే నచ్చింది.

మేమున్న ఇల్లు మా మామగారు కట్టింది. బయట పెంకులు, లోపల చెక్క పలకలు, మధ్య ఖాళీలో రంపపు పొట్టు కూరారు. ఏళ్లు గడిచేకొద్దీ పొట్టు కిందికి దిగిపోయింది. నడుము దాకా గోడ వెచ్చగా ఉండేది, ఆ పైన మంచుగడ్డ. "ఈ ఇంట్లో కూర్చున్నవాళ్లకే సుఖం, నిలబడ్డవాళ్లకు లేదు" అనేది మా అత్తగారు. ఎవరైనా చుట్టం వచ్చి నిలబడి మాట్లాడుతుంటే, "కూర్చోండి, చలి ఎగువన ఉంది" అని కుర్చీ లాగేది.

ఏప్రిల్‌లో, భూమికి దక్షిణపు కొసన ఉన్న మాకు చలికాలం మొదలవబోయే వేళ, మొదటి మంచు పడకముందు, మా వైపు ఇంటింటా గాలిని వెతుకుతారు. గాలి బాగా కొడుతున్న రోజు చూసుకుని కిటికీలు, తలుపులు బిగించి, ఇంటాయన కొవ్వొత్తి వెలిగించి గోడ వెంబడి నడుస్తాడు. వెనక ఇంటావిడ బుట్టలో పచ్చి ఉన్ని, మొండి కత్తి పట్టుకుని నడుస్తుంది. మంట వంగిన చోట సందు ఉన్నట్టు. అక్కడ ఉన్ని కూరాలి. బాల్దోకి అది పండగ. మంట వంగితే చాలు, "దొరికావురా దొంగ వెధవా!" అని అరిచేవాడు. నేను ఉన్ని కూరుతుంటే పక్కన నిలబడి, "ఇంకొంచెం, ఇంకొంచెం, వాడి గొంతు దాకా" అనేవాడు. ఎంత కూరినా మరుసటి ఏడు గాలి ఇంకో చోట దారి చేసుకునేది. ఆ ఇంట్లో మేం కాపురం చేసినన్నాళ్లూ మంట ఎక్కడా వంగని ఏడాది ఒక్కటీ లేదు.

దగ్గు ఎప్పుడు మొదలైందో చెప్పలేను. మా ఊరు కొండల మధ్య గిన్నె అడుగున ఉన్నట్టుంటుంది. చలికాలంలో గాలి ఆగిపోతే పొగ ఎటూ పోదు. వంటింట్లో పొగ, వీధిలో పొగ, ఆరేసిన దుప్పట్లో పొగ. అందరూ దగ్గుతారు. కాకపోతే ఈయన దగ్గు వేసవిలో కూడా ఆగలేదు. పెరటి గేటు దాకా నడిచి, కంచె పట్టుకుని, చెట్లను చూస్తున్నట్టు నటించేవాడు. ఊపిరి అందడం లేదని నాకు తెలుసు. నాకు తెలుసని ఆయనకూ తెలుసు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఫోటో తీసి చూసి, దాపరికం లేకుండా చెప్పింది. "ఈ ఊపిరితిత్తులు పొగలో ఇంకో చలికాలం తట్టుకోవు. పొగ లేని ఊరికి వెళ్లండి. లేదంటే పొగ లేని ఇల్లు చేసుకోండి."

పొగ లేని ఊరు ఉంది. మా వదిన ఓర్ఫెలీనా, అంటే బాల్దో అక్క, చిలె చికోలో ఉంటుంది. సరస్సుకి అవతలి ఒడ్డు. అక్కడ ఎండ కాస్తుంది, చెర్రీలు కాస్తాయి. ఆమె కబురు తెలిసిన వారానికే పడవ దాటి వచ్చేసింది. వంటింట్లో పొయ్యి పక్కన కూర్చుని, మాతె ఆకు కషాయం పోసిన సొరబుర్ర చేతిలో పట్టుకుని, గొట్టంతో ఒక్కో గుక్కా పీలుస్తూ తమ్ముడి మీద పడింది.

"మూట కట్టుకోరా. గది ఖాళీగానే ఉంది. మంచం మీంచి చెయ్యి చాపితే చెర్రీలు."

"నీ ఇంట్లో మీ ఆయన గురక ఉంటుందిగా. నేను ఎప్పుడు పడుకునేది?"

"ఆ గురక ఎప్పుడో పోయింది రా, ఆయనతో పాటే."

"అయితే నీది ఉంటుంది."

"చూశావా తీనా? చావు ముంగిట్లో కూచుని కూడా నోరు మూయడు. ఎలా వేగావమ్మా వీడితో?"

"చెవుల్లో ఉన్ని పెట్టుకున్నాను వదినా" అన్నాను. ముగ్గురం నవ్వాం. నవ్వు దగ్గులోకి మారింది. దగ్గు చాలాసేపు ఆగలేదు. వదిన బుర్ర కింద పెట్టి తమ్ముడి వీపు నిమిరింది.

దగ్గు తగ్గాక బాల్దో అన్నాడు: "ఇళ్లాఫీసు వాళ్లు పాత ఇళ్లకు తొడుగు వేస్తున్నారు. గోడలకు దళసరి పలకలు కట్టి, కట్టెల పొయ్యి తీసుకుపోయి, పొగ రాని పొయ్యి ఇస్తారు. నా పేరు ఇచ్చాను. ఒక్క చలికాలం చూస్తాను అక్కా. తగ్గకపోతే నీ చెర్రీలు నేనే కోస్తాను."

వదిన నా వైపు చూసింది. నేను కెటిల్ వైపు చూశాను. "మా నాన్న ఇల్లు, నా చేతి పెంకులు" అని ఆయన ఒక్కసారి కూడా అనలేదు. అనకపోయినా అదే అసలు కారణం. ఆ చలికాలం ఆ ఇంట్లో ఆయన ఊపిరి ఆడుతుందా లేదా అన్నదే ఇక మాకు మిగిలిన లెక్క.

జనవరిలో, వేసవి నడి రోజుల్లో, మేస్త్రీ సెగుందో కార్కమో తన మనుషులతో వచ్చాడు. వయసులో ఉన్నప్పుడు బాల్దో దగ్గరే పెంకులు కొట్టడం నేర్చుకున్నాడు, ఇప్పటికీ ఆయన్ని దోన్ అని, నన్ను దోన్యా అని మర్యాదగా పిలుస్తాడు. ఇప్పుడు అవే పెంకులు పీకడానికి వచ్చాడు. వచ్చినవాడు టోపీ తీసి గేటు దగ్గర నిలబడిపోయాడు.

"ఏం సెగుందో, దొంగతనానికి వచ్చినవాడు గంట కొడతాడా? రా లోపలికి."

"పెంకులు పీకకుండా వాటి మీదే పలకలు కొట్టొచ్చు గానీ దోన్ బాల్దో, కింద తడి ఉంటే లోపలే కుళ్లుతుంది. పీకక తప్పదు."

"పీకు. నేను కొట్టినప్పుడు చూశావు, పీకేటప్పుడు నేను చూడాలిగా."

ఆయన పెరట్లో స్టూలు వేసుకుని కూర్చున్నాడు. ఊడిన పెంకులు ఒక్కొక్కటీ తెచ్చి ఒళ్లో వేస్తే, తిప్పి చూసి, వాసన చూసి, మంచివి ఒక పక్క, పుచ్చినవి ఒక పక్క పెట్టేవాడు. దక్షిణం గోడవి పుచ్చాయి. తక్కినవి నిన్న చీల్చినట్టే ఉన్నాయి.

"ఏం తినిపించారండీ ఈ మేకులకి? కదలట్లేదు" అని నిచ్చెన మీంచి అరిచాడు సెగుందో.

"మా ఆవిడ రొట్టెలు. లోపలికి పోతే మళ్లీ బయటికి రావు."

"మధ్యాహ్నం ఇద్దరికీ రొట్టెల్లేవు" అన్నాను వాకిట్లోంచి.

"అయ్యో దోన్యా తీనా, అన్నది ఆయన, నేను కాదు!"

"విని నవ్వావుగా."

గోడలు విప్పితే మామగారి రంపపు పొట్టు జలజలా రాలింది, ఎలుక గూళ్లతో సహా. దాని స్థానంలో దళసరి తెల్ల థర్మోకోల్ పలకలు ఇంటి చుట్టూ కట్టారు. పైన సిమెంటు పలకలు కొట్టి రంగు వేశారు. పైకప్పు కింద దూది పరుపుల్లాంటివి పరిచారు. కిటికీలకు రెండేసి అద్దాలు. అంతా అయ్యాక బాల్దో వీధిలోకి నడిచి ఇంటిని చూశాడు.

"కొత్త కోటు తొడుక్కున్న గుమస్తాలా ఉంది" అన్నాడు. "మా నాన్న వస్తే తలుపు కొట్టి, ఇది ఎవరిల్లు బాబూ అని అడుగుతాడు."

చివరి రోజున సెగుందో గుండ్రటి రంపం తెచ్చి, ఒక్కో గదిలో బయటి గోడకి ఒక్కో కన్నం కోశాడు. లోపలి గదిలో మంచం తలవైపు కోస్తుంటే బాల్దో లేచి వచ్చాడు.

"ఏయ్, ఏం చేస్తున్నావు?"

"గాలి కన్నం. ఇల్లు ఊపిరి పీల్చాలంట."

"ఆ ఊపిరి ఆపడానికేగా ఇన్నేళ్లూ నేను చచ్చింది!"

"నాకు చెప్తే ఏం లాభం? ప్లానులో ఉంది. కన్నం లేకపోతే ఇల్లు ఒప్పుకోరు."

"అంటే దొంగలందర్నీ బయటికి తోలి, ఒక్కణ్ణి మాత్రం పిలిచి కుర్చీ వేస్తున్నారన్నమాట. అదీ నా తల దగ్గర."

సెగుందో నవ్వలేదు. కన్నానికి తెల్ల జాలీ బిగించి, "మూయకండి దోన్ బాల్దో" అని మాత్రం అన్నాడు.

పొయ్యి తీసుకుపోయే లారీ మర్నాడు వస్తుందనగా, ఆ పొయ్యిలో చివరి రొట్టె కాల్చాను. పుచ్చిన పెంకులు వేయబోతే ఆయన వారించాడు. "అవి పొగ ఎక్కువ. మంచివి వెయ్యి." మంచివే వేశాను. చీల్చిన లెంగా నిమ్మళంగా, చప్పుడు లేకుండా కాలింది. ఆయన పక్కనే కూర్చుని ఒక్కొక్కటీ అందించాడు. తక్కినవి పక్కింటి మన్సియా వాళ్లు కోళ్ల గూటికని అడిగి పట్టుకుపోయారు.

లారీ మనుషులు పొయ్యిని వాకిట్లో పెట్టి, మళ్లీ ఎవరూ వెలిగించకుండా పై రేకును సమ్మెటతో పగలగొట్టారు. అది వాళ్ల పద్ధతి. చెయ్యకపోతే జనం దాన్ని కొట్టంలో పెట్టుకుని వాడతారట. బాల్దో లోపలికి వెళ్లిపోయాడు. నేను చూశాను. ముక్కలైన రేకు అంచున నా కెటిల్ గుండ్రటి ముద్ర ఉంది.

ఏప్రిల్‌లో గాలి కొడుతున్న రోజు చూసి ఆయన కొవ్వొత్తి అడిగాడు. "ఎందుకు ఇంక?" అన్నాను. "అడిగింది ఇవ్వవే" అన్నాడు. నేనూ అలవాటుగా ఉన్ని బుట్ట పట్టుకున్నాను. వంటింటి గోడ వెంబడి మొదలుపెట్టాం. తలుపు దగ్గర, కిటికీ కింద, నేల పలకలు గోడను తాకే చోట, ప్రతి ఏడూ గాలి వచ్చే మూలన. మంట ఎక్కడా వంగలేదు. బయట గాలి ఊళ వేస్తూనే ఉంది. లోపల మంట నిటారుగా, సన్నగా నిలబడింది. ముందు గది కూడా తిరిగాం. వంటింటి కన్నం, ఇక్కడ సోఫా వెనక కన్నం రెండూ కప్పు దగ్గర, ఆయన చెయ్యి అంత ఎత్తుకు పోలేదు. బుట్టలో ఉన్ని అలాగే ఉంది.

"చూడవే ముసలీ" అన్నాడు. "చూడు, ఎలా నిలబడిందో."

ఆయన ముఖం అంత వెలిగిపోవడం నేను పెళ్లినాడు కూడా చూడలేదు.

లోపలి గదిలో మంచం తలవైపుకి వచ్చాం, అక్కడి కన్నం కొంచెం కిందికి ఉంది. జాలీ ముందుకి రాగానే మంట పక్కకి పడుకుని ఆరిపోయింది. మళ్లీ వెలిగించాడు. మళ్లీ ఆరింది. చేతిలో పొగ కక్కే వత్తితో అలాగే నిలబడ్డాడు.

"మూయొద్దన్నారు" అన్నాను.

"తెలుసు."

కొవ్వొత్తి నా చేతికి ఇచ్చి బయటికి వెళ్లాడు.

మే నెల బాగా గడిచింది. అది చెప్పాలి. ఇల్లు పై నుంచి కింది దాకా ఒకే తీరుగా వెచ్చగా ఉంది. నిలబడ్డా కూర్చున్నా ఒకటే. ఆయన చొక్కా చేతులు మడుచుకుని ఇంట్లో తిరిగాడు, గేటు దాకా వెళ్లి ఆగకుండా వెనక్కి వచ్చాడు. ఫోనులో అక్కతో, "నీ చెర్రీలు పిట్టలకి వెయ్యి" అన్నాడు. నేను కూడా నమ్మాను.

జూన్‌లో గాలి ఆగింది. చలి బిగిసింది. ఊరంతా పొగ దిగింది. మా గొట్టంలోంచి పొగ రావడం లేదు, సరే. చుట్టూ ఉన్న అన్ని గొట్టాల్లోంచీ వస్తోంది. కట్టెలు వెలిగించొద్దని రేడియోలో చెబుతారు. చీకటి పడ్డాక వెలిగిస్తారు. ఎవర్ని ఏమంటాం? ఇంట్లో పసివాళ్లు ఉంటారు, ముసలివాళ్లు ఉంటారు. తొడుగు లేని ఇల్లు వెలిగించకపోతే ఎలా? పోయినేడు దాకా మేమూ వెలిగించినవాళ్లమే.

ఆ పొగ మంచం తలవైపు కన్నంలోంచి సన్నగా లోపలికి వచ్చేది. ఆయన పడుకుని ముక్కుతో గుర్తుపట్టేవాడు. "ఇది మన్సియా వాళ్లది. పచ్చి కట్టె. ఈసారి వాళ్లకు ఎండుది దొరకలేదు పాపం." కాసేపాగి, "ఇప్పుడు నా పెంకు ఒకటి వేశారు. కోళ్ల గూటికి కాదన్నమాట" అనేవాడు. తర్వాత దగ్గు.

ఒక సాయంత్రం మంచం మీద కూర్చుని ఎడమ కాలి మేజోడు విప్పాడు. నేను అల్లిన బూడిదరంగు మేజోడు. దాన్ని గట్టిగా చుట్టి, మంచం ఎక్కి, జాలీ ఊడదీసి, కన్నంలో కూరాడు. జాలీ మళ్లీ పెట్టాడు. వచ్చి పడుకున్నాడు. పొగ వాసన ఆగింది. ఆ రెండు మూడు రోజులు దగ్గు కూడా తగ్గింది.

ఆ తర్వాత కిటికీలకు చెమట పట్టింది. రోజూ పొద్దున్నే గుడ్డతో తుడిచి బకెట్లో పిండేదాన్ని. మా కెటిల్ పొద్దున్నించి సాయంత్రం దాకా కాగుతూనే ఉంటుంది. మాతె తాగే ఇల్లు ఏదైనా అంతే. తడి బట్టలు పొయ్యి పైన కప్పుకి కట్టిన కర్రల మీద ఆరతాయి. బయట వేస్తే అట్టల్లా గడ్డకడతాయి మరి. పాత గోడలు ఆ ఆవిరంతా ఎటు పంపేవో ఎవరూ ఆలోచించలేదు. ఇప్పుడు అది ఇంట్లోనే ఉండిపోయింది. బీరువా వెనక గోడ మీద మిరియాలు చల్లినట్టు నల్ల చుక్కలు పడ్డాయి. బ్లీచింగ్ నీళ్లతో కడిగాను. ఆ వాసనకి ఆయనకు ఊపిరి ఆడలేదు. చుక్కలు వారంలో మళ్లీ వచ్చాయి, ఈసారి మంచం వైపు.

బట్టలు ముందు గదిలోకి మార్చాను. కెటిల్ తగ్గించాను. సరిపోలేదు. మేజోడు తీద్దామని నేను అంటే, "తీసి చూడు" అనేవాడు. తీసేదాన్ని. అరగంటకి ముఖం నీలంగా తిరిగేది. మళ్లీ పెట్టేదాన్ని.

ఇళ్లాఫీసు నుంచి మరీత్సా అనే అమ్మాయి తనిఖీకి వచ్చింది. చిన్న యంత్రం ఒకటి గదుల్లో తిప్పి చూసింది. లోపలి గదిలో జాలీ ఊడదీసి వెనక్కి తిరిగింది.

"దోన్ బాల్దో, ఏంటండీ ఇది?"

"మేజోడు. చూస్తే తెలీట్లా? మా ఆవిడ అల్లింది. రెండో దాని కోసం వెతకొద్దు, కాలికుంది."

"తీసెయ్యాలండీ. తడి బయటికి పోవట్లేదు. ఈ బూజు గాల్లోకి వస్తుంది. మీ ఊపిరితిత్తులకు విషం అది."

"మరి పొగ?"

ఆ అమ్మాయి ఊడదీసిన జాలీని అటూ ఇటూ తిప్పింది.

"తీస్తే పొగ, పెడితే బూజు. నువ్వు చదువుకున్నదానివి, ఏది పీల్చమంటావో చెప్పమ్మా, అది పీలుస్తాను." ఎకసెక్కంగా అనలేదు. నిజంగానే అడిగాడు.

"అన్ని ఇళ్లకీ తొడుగు అయిపోతే పొగ ఉండదండీ. అప్పుడు ఈ కన్నాల్లోంచి మంచి గాలే వస్తుంది."

"ఎప్పటికి?"

"ప్రతి ఏడూ కొన్ని చేస్తున్నాం."

"మంచిది. చెయ్యండి. మన్సియా వాళ్లకి ముందు చెయ్యండి, పసివాళ్లున్నారు."

మంచి పిల్ల. కళ్లు ఎర్రబడ్డాయి. మేజోడు మడిచి దుప్పటి మీద పెట్టి, పొగ లేనప్పుడు కిటికీ కాసేపు తెరవండని నాతో చెప్పి వెళ్లింది. పొగ లేనప్పుడు అంటే ఎప్పుడో ఆమెకూ తెలియదు. ఆమె కారు వీధి మలుపు తిరగకముందే మేజోడు కన్నంలోకి పోయింది.

జూలై చివర్లో ఓర్ఫెలీనా వదిన ఫోను చేసింది. ఎప్పటిలాగే తిట్టింది. బాల్దో ఎదురు తిట్టలేదు. ఫోను చెవికి పెట్టుకుని చాలాసేపు ఊపిరి పీల్చి, "వస్తానక్కా" అన్నాడు. "చెర్రీలకి ఇంకా టైముందిగా. పూత చూస్తాను."

వదిన ఏడుస్తోందని ఫోను దూరంగా ఉన్నా నాకు వినిపించింది. నేను ఆ పూటే మూట కట్టాను. కానీ కనుమ దగ్గర మంచు పడి దారి మూసేశారు. సరస్సు మీద గాలికి పడవ తిరగడం లేదు. ఇవాళ తెరుస్తారు, రేపు తెరుస్తారు అన్నారు. మూట తలుపు పక్కనే ఉంది. దాని మీద టోపీ కూడా పెట్టుకున్నాడు.

దారి తెరవకముందే ఆసుపత్రికి తీసుకెళ్లాల్సి వచ్చింది. ముక్కుకి గొట్టం పెట్టారు. గాలి బుస్సుమని వస్తోంది. ఆయన కళ్లు తెరిచి గది మూలలన్నీ చూశాడు.

"ముసలీ, ఎక్కడో గాలి కొడుతోంది. వెతుకు."

అది నీ ముక్కు దగ్గరిదే అని చెప్పలేకపోయాను. లేచి కిటికీ అంచు వెంబడి అరచేయి పెట్టి వెతికాను. తలుపు కింద వెతికాను. నా శాలువా తీసి తలుపు సందులో పెట్టి, "దొరికింది, మూసేశాను" అన్నాను. తల ఊపాడు. మర్నాడు పోయాడు.

ఇంటికి తెచ్చి ముందు గదిలో పెట్టాం. ఊరి వాళ్లంతా రెండు రాత్రుల జాగారానికి వచ్చారు. ఇల్లు మనుషులతో, కొవ్వొత్తులతో, గొర్రెమాంసం పులుసు ఆవిరితో నిండిపోయింది. కిటికీల మీంచి నీళ్లు ధారగా కారాయి. కప్పు మీంచి ఒక చుక్క జపమాల తిప్పుతున్న ముసలావిడ నుదుటి మీద పడింది. ఆమె ఉలిక్కిపడి పైకి చూసింది. రెండో రోజు సాయంత్రం ఓర్ఫెలీనా వదిన మంచు బూట్లతోనే లోపలికి వచ్చింది.

"దారి తెరిచారు" అంది గుమ్మంలో నిలబడి. తమ్ముడి పక్కన కూర్చున్నాక కారుతున్న కిటికీ వైపు చూసి, "ఇంటికి కోటు తొడిగారు గానీ, లోపలున్నవాళ్లకి గొడుగులు ఇవ్వడం మరిచిపోయారే తీనా" అంది. నవ్వాను. తమ్ముడు ఉంటే నవ్వేవాడు.

సెగుందో కూడా వచ్చాడు. శాలువా తెచ్చుకోవడానికి నేను లోపలి గదిలోకి వెళ్తే, గుమ్మంలో నిలబడి జాలీ వైపు చూశాడు. అందులోంచి బూడిదరంగు ఉన్ని కొంచెం కనిపిస్తోంది. టోపీ చేతిలో నలుపుతూ వెళ్లిపోయాడు.

ఇది అక్టోబరు. మంచు కరిగింది. సెగుందో మొన్న వచ్చి మాతె తాగి, ఏం చేయాలో ఒక్కొక్కటీ చెప్పాడు. జాలీలు మూడూ ఊడదీసి కడగాలి. మేజోడు తీసెయ్యాలి. గోడ బ్లీచింగ్ నీళ్లతో రుద్ది, బీరువా ముందుకి జరపాలి. "ఇప్పుడు తీసినా పర్లేదు దోన్యా తీనా. ఇక మీరొక్కరే కదా, ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయి" అన్నాడు. అని, నాలుక కరుచుకుని, నేల చూశాడు. ఇంకా చాలా ఇళ్లు ఉన్నాయట. మన్సియా వాళ్ల వంతు ఈ ఏడు కూడా రాలేదట.

వదిన రోజూ ఫోను చేస్తుంది. చెర్రీలు పూశాయంటుంది. వస్తాలే అంటాను.

ఇవాళ పొద్దున బకెట్లో నీళ్లు కలుపుకుని మొదలుపెట్టాను. వంటింటి జాలీ కడిగాను. స్టూలు వేసుకుని ముందు గదిది కూడా కడిగాను. నూనె జిడ్డు, మసి, ఒక చచ్చిన ఈగ. తుడిచి ఆరబెట్టి మళ్లీ బిగించాను. బకెట్, స్టూలు పట్టుకుని లోపలి గదిలోకి వచ్చాను. గోడ మీద నలుపు తలగడ దాకా దిగింది, నా వైపు తలగడ దాకా. స్టూలెక్కి జాలీ ఊడదీశాను. మేజోడు మీద చెయ్యి వేశాను. తడిగా, గట్టిగా ఉంది. మడమ దగ్గర నేను గోధుమరంగు ఉన్నితో కుట్టిన మాసిక చేతికి తగిలింది. ఆ ఏడు బూడిదరంగు ఉన్ని నిండుకుంది.

జాలీ ఎలా ఉన్నది అలాగే బిగించి స్టూలు దిగాను. నీళ్లు పెరట్లో పారబోశాను. గోడ కడగలేదు.